మామా అజ్మత్ హిసాబ్

మా ఇళ్లల్లో ఆడపిల్లకి పెద్దవాళ్లు ఇచ్చే బిరుదులు రెండే. ఒకటి సుఘడ్, రెండోది ఫూహడ్. రాత్రి మిగిలిన రొట్టెని పొద్దున ఇంకో రూపంలో దస్తర్‌ఖాన్ మీదికి తెచ్చే పిల్ల సుఘడ్. పాలు పొంగినా చూసుకోని, కుర్తా కుట్టు ఊడినా సూది అందుకోని పిల్ల ఫూహడ్. తెలుగులో 'పనిమంతురాలు' అంటాం గానీ సుఘడ్‌లో పనితో పాటు కిఫాయత్ కూడా ఉంది. కిఫాయత్ అంటే ఉత్త పొదుపు కాదు, ఉన్నదాన్ని సరిపెట్టే ఒడుపు. మగపిల్లలకి ఈ బిరుదుల్లో ఏదీ తగలదు, వాళ్లు పుట్టుకతోనే పాసైపోయారు.

ఈ మాటలు పాతవే. కానీ ఆ రెంటికీ ఇద్దరు అక్కాచెల్లెళ్ల మొహాలు తగిలించింది మాత్రం ఒక పుస్తకం. డిప్టీ నజీర్ అహ్మద్ 1869లో అచ్చువేసిన 'మిరాతుల్ ఉరూస్', అంటే పెళ్లికూతురి అద్దం. ఉర్దూలో మొట్టమొదటి నవల అని చాలామంది లెక్కేసేది దీన్నే. అక్క పేరు అక్బరీ, చెల్లెలు అస్ఘరీ. ఇద్దర్నీ ఢిల్లీలో ఒకే ఇంటి అన్నదమ్ములకిచ్చి చేస్తారు. అక్బరీ గారాబంగా పెరిగింది, చదువు లేదు, వంట రాదు, అత్తతో పడదు. హజ్ చేసొచ్చిన దానిలా వేషం వేసుకొచ్చిన ఒక మోసకత్తె తియ్యటి మాటలకి పడిపోయి నగలన్నీ పోగొట్టుకుంటుంది. అస్ఘరీకి చదువొచ్చు, కుట్టుపని వచ్చు, లెక్కలు వచ్చు. మునిగిపోతున్న అత్తింటిని ఒడ్డున పడేసి, ఇంట్లోనే ఆడపిల్లలకి మక్తబ్ కూడా నడుపుతుంది.

నజీర్ అహ్మద్ దీన్ని ముందు తన కూతురి కోసమే రాసుకున్నాడు. అప్పట్లో ఆడపిల్ల చేతికివ్వదగ్గ ఉర్దూ పుస్తకం ఆయనకి దొరకలేదు మరి. మంచి దేశభాషా పుస్తకాలకి ఇనాం ఇస్తామని వాయవ్య రాష్ట్రాల సర్కారు 1868లో ప్రకటించి ఉంది. ఈ పుస్తకానికి వెయ్యి రూపాయల ఇనాం వచ్చింది, సర్కారే రెండువేల ప్రతులు కొంది. ఆ తర్వాత లెక్కలేనన్ని సార్లు అచ్చయింది. మా అమ్మీ తరం దాకా ఎవరైనా పిల్ల గిన్నె జారవిడిస్తే 'వచ్చిందమ్మా అక్బరీ' అనేవాళ్లు. పుస్తకం చదవనివాళ్లు కూడా అనేవాళ్లు.

కిఫాయత్ మీద ఒక నవల ఎందుకు రాయాల్సొచ్చిందో చూడండి. 1857 గదర్‌కి పన్నెండేళ్ల తర్వాతి పుస్తకం ఇది. ఢిల్లీ షరీఫ్ ఖాందాన్‌లు చితికిపోయాయి. కోట మీద, నవాబుల మీద ఆధారపడ్డ వజీఫాలు పోయాయి. ఇక మిగిలింది నౌకరీ. నౌకరీ అంటే నెలకోసారి చేతికొచ్చే రొక్కం. మగవాడు దూరాన ఉంటాడు. నవల్లో అస్ఘరీ మామగారు లాహోర్‌లో ఉద్యోగం, డబ్బు అక్కణ్నించి రావాలి. పొలం నుంచి ధాన్యం వచ్చే ఇంట్లో ఆడవాళ్లు కొలతలు చూసుకుంటే చాలు. జీతం మీద బతికే ఇంట్లో ముప్పై రోజులకీ రూపాయిని పంచాలి, ఉత్తరం రాయాలి, బజారు బాకీ ఎంతో తెలియాలి. ఆడపిల్లకి చదువు కావాలని నజీర్ అహ్మద్ చేసిన దలీల్‌లో సగం ఇదే. ఖురాన్ చదవడానికి, భర్తకి తోడుగా ఉండడానికి, బజారు వాడి చేతిలో మోసపోకుండా ఉండడానికి.

బజారు వాడు ఒక్కడేనా? ఇక్కడికి వస్తుంది మామా అజ్మత్. తెలుగువాళ్లు మామా అంటే అమ్మ తమ్ముణ్ని అనుకునేరు. ఉర్దూ ఇళ్లల్లో మామా అంటే వంటా ఇంటిపనీ చేసే ఆడమనిషి. మన హైదరాబాద్ డేవడీల్లోనూ అదే మాట. ఆ ఇంట్లో ఏళ్ల తరబడి పాతుకుపోయిన పనిమనిషి మామా అజ్మత్. సౌదా తెచ్చేది ఆమే, లెక్క చెప్పేది ఆమే. ప్రతి దాంట్లో నాలుగు పైసలు మింగుతుంది, ఇంటి పేరు చెప్పి దుకాణాల్లో అప్పులు చేస్తుంది. అస్ఘరీ ధరలు వాకబు చేసి, మామగారిని రప్పించి, దుకాణదారులందర్నీ పిలిపించి హిసాబ్ తేల్చి ఆమెని వెళ్లగొడుతుంది. ఆమె స్థానంలో వచ్చిన మనిషి పేరు దయానతున్నిసా. దయానత్ అంటే నిజాయితీ. నజీర్ అహ్మద్ పేర్లు ఇలాగే పెడతాడు, పాఠకుడు పొరపడే వీలివ్వడు.

ఈ పుస్తకం చదివినవాళ్లందరూ తమని తాము అస్ఘరీ వైపు నిలబెట్టుకుంటారు. నాకు ఆ సౌకర్యం లేదు. ఎందుకంటే మా నానీమా ఒక మామా. నల్గొండ వైపు పల్లె నుంచి చిన్న వయసులో బేవా అయి, చంకలో మా అమ్మీతో హైదరాబాద్‌లో ఒక జాగీర్‌దారు డేవడీ బావర్చీఖానాలో చేరింది. అలీఫ్ బే రాదు. అస్ఘరీ మా నానీమాని చూస్తే తప్పకుండా ధనియాల తూకం సరిచూసేది.

అజ్మత్ దొంగతనం చేసిందా అంటే చేసింది, కథ అలా రాశాడు కాబట్టి చేసింది. నా పేచీ అది కాదు. కిఫాయత్ అంటే అస్ఘరీ కలం పట్టి లెక్క రాయడం అని పుస్తకం చెప్తుంది. చేతులతో చేసిన కిఫాయత్ ఎవరిది? సుఘడ్ ఇల్లు అని పేరు మోసిన ఇళ్లల్లో ఆ సుఘడాపా ఎక్కణ్నించి వచ్చింది? నాకు తెలిసినంతలో చాలావరకు అజ్మత్‌ల ఇళ్లనించి వచ్చింది. లేనివాళ్ల ఇంట్లో అది గుణం కాదు, ఆకలికి మందు.

దాల్చా తీసుకోండి. ఇవాళ దావత్‌లో బగారా ఖానా పక్కన దర్జాగా కూర్చుంటుంది. దాని కిటుకేమిటి? అరకిలో ఎముకల మాంసంతో పదిమందికి పెట్టాలి. శనగపప్పు ఉడికి చిక్కబడుతుంది, సొరకాయ ముక్కలు గిన్నెని నింపుతాయి, చింతపండు పులుపు మాంసం తక్కువైన సంగతిని కప్పేస్తుంది, ఎముకల్లోని గూద రసానికంతా రుచి పట్టిస్తుంది. ఎండాకాలం వస్తే చుగుర్ గోష్. చింతచిగురు చెట్టు మీద ఊరికే దొరికేది, కోసుకొచ్చి నలిపి, పుల్లలు ఏరేసి వేస్తే పావుకిలో మాంసం కూడా కూరగా నిలబడుతుంది. ఇది నవాబులు కనిపెట్టిన వంటకం అని హోటల్ మెనూలో రాసుకుంటే రాసుకోనివ్వండి.

బక్రీద్ మాంసం సంగతి ఇంకా ముచ్చట. ఫ్రిజ్ లేని రోజుల్లో ఇంటింటి నుంచీ హిస్సా వచ్చిపడేది, ఒకటి రెండు రోజుల్లో తినేది కాదు. నానీమా కొవ్వు తీసేసి మాంసాన్ని వేలి మందాన పొడుగు పట్టీలుగా కోసేది. అడ్డంగా కాదు, నార వెంబడి. ఉప్పూ పసుపూ పట్టించి ఒక పూట ఉంచితే నీరు ఊరి బయటికొస్తుంది. ఆ నీరు పిండేసి, దండెం మీద బట్టల్లాగా ఆరేసేది. నాలుగైదు రోజుల గట్టి ఎండకి కట్టెల్లాగా అయ్యేవి. కొవ్వు ఉంటే ముక్కవాసన వస్తుంది, మందంగా కోస్తే లోపల పచ్చి మిగిలి పురుగు పడుతుంది. ఈ రెండూ తెలియాలంటే ఒకసారైనా పాడు చేసి ఉండాలి. తర్వాత నెలల తరబడి నాలుగు తునకలు నిప్పుల మీద కాల్చి, రోట్లో దంచి, పప్పులోనో గోంగూరలోనో వేస్తే ఇల్లంతా మాంసం వండినట్టే. మా వీధిలో ముస్లింలూ మాదిగలూ ఈ పనిని ఒకే తీరుగా చేసేవాళ్లు. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో అడిగితే ఇద్దరూ నవ్వేవాళ్లు.

మలీదా కూడా అంతే. బాసీ రొట్టెల్ని చేత్తో నలిపి, బెల్లం, ఉంటే కాస్త నెయ్యి కలిపి ముద్ద చేస్తే మలీదా. దర్గాలో ఫాతెహాకి అదే, సద్దుల బతుకమ్మ నాడు మా పక్కింటి వాళ్లు పంచే మలీద ముద్దలూ అవే. ఎండిన రొట్టెని పారేయకూడదన్న తెలివికి మజ్‌హబ్ లేదు. డబల్ కా మీఠాకి కూడా తాజా డబల్‌రోటీ పనికిరాదు. తడి ఉన్న రొట్టె నేతిలో సరిగ్గా కరకరలాడదు, పాకం పోయగానే చీదేస్తుంది. నిన్నటిదీ మొన్నటిదీ అయితేనే పాకాన్ని పీల్చుకుని కూడా ముక్క ముక్కగా నిలుస్తుంది.

ఇక గుద్‌డీ. తెలుగులో బొంత. పాత నూలు చీరలు, దుపట్టాలు, అబ్బా లుంగీలు. చిరిగిన చోట్లని లోపలికి మడిచి నాలుగైదు పొరలు పేర్చి, చుట్టూ అంచు బిగించి, బియ్యపు గింజంత టాకాలతో వరసలు వరసలుగా నడిపిస్తారు. కొత్త బట్టతో చేస్తే గుద్‌డీ బిర్రుగా ఉంటుంది, వందసార్లు ఉతికిన బట్టకే ఆ మెత్తదనం. పుట్టబోయే బిడ్డకి పాత బట్ట గుద్‌డీనే పరిచేది అందుకే. ఒక పెద్ద గుద్‌డీ మా నానీమాకి తీరిక వేళల్లో రెండు మూడు నెలలు పట్టేది. తీరిక అంటే మళ్లీ ఏమీ లేదు, మిగతా పని అయ్యాక కళ్లు మూతపడే లోపలి టైము. పరుపులైతే దూదేకుల సాయిబు వచ్చి, గడ్డకట్టిన దూదిని వింటితో ఏకి మళ్లీ నింపి కుట్టిచ్చేవాడు. పాత దూదికే కొత్త ప్రాణం. ఆయన ఏకడానికి మజూరీ ఉండేది. గుద్‌డీ కుట్టినదానికి మజూరీ అన్న మాటే ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు ఇంకో పుస్తకం సంగతి చెప్పాలి. మౌలానా అష్రఫ్ అలీ థానవీ 20వ శతాబ్దం మొదట్లో రాసిన 'బహిష్తీ జేవర్'. ఆడపిల్ల జహేజ్‌లో ఖురాన్‌తో పాటు పెట్టి పంపించే పుస్తకంగా దేశమంతా పాకింది. అందరికీ గుర్తుండేది అందులోని మసాయిల్, రసూమాత్ మీద ఆయన కోపం, పెళ్లిళ్ల దుబారా మీద చురకలు. నాకు ఇష్టమైనది పదో హిస్సా. అక్కడ సబ్బు ఎలా చేయాలి, సిరా ఎలా కలపాలి, బట్టలకి రంగు ఎలా వేయాలి, ఆచార్ ఎలా పెట్టాలి, నాన్‌పావ్ ఎలా కాల్చాలి అని తర్కీబులు ఉంటాయి. వాటితో పాటే పైగంబర్లూ బుజుర్గులూ తమ చేతులతో ఏ ఏ పనులు చేశారో చెప్పే భాగం ఒకటుంది. దున్నినవాళ్లు, కుట్టినవాళ్లు, ఇనుము మలిచినవాళ్లు. ఆయన చెప్పేది సూటిగా ఉంది: చేతిపని చేసుకుని హలాల్‌గా తినడంలో జిల్లత్ లేదు.

ఈ మాట ఆయన ఎవరితో చెప్తున్నాడో గమనించాలి. మా నానీమాతో కాదు. ఆమెకి చేతిపని జిల్లత్ అని ఎవరూ నేర్పలేదు, వేరే దారి ఉంటే కదా. ఆయన చెప్తున్నది షరీఫ్‌జాదీలకి, ముఖ్యంగా బేవాలకి. ఇంట్లో పస్తులున్నా సూది పట్టి సంపాదిస్తే ఖాందాన్ పరువు పోతుందని కూర్చున్నవాళ్లకి. నజీర్ అహ్మద్‌కి కిఫాయత్ అంటే లెక్క చూడడం. ముప్పై ఏళ్లు దాటేసరికి పని చేయడం అయింది. లాహోర్‌లో 1898 నుంచి 'తహ్జీబె నిస్వాన్' పత్రిక నడిపిన ముహమ్మదీ బేగం ఖానాదారీ మీదా వంట మీదా రాసిన పుస్తకాలు కూడా ఈ వరసలోవే. ఆమె 1908లోనే, ముప్పై ఏళ్ల వయసు చుట్టూ, కన్నుమూసింది. ఆడవాళ్ల పనిని ఆడమనిషి కలంతో రాయడం ఆమె లాంటివాళ్లతో మొదలైంది. అదే ఏడు ఢిల్లీలో రాషిదుల్ ఖైరీ 'ఇస్మత్' పెట్టాడు. అందులోనూ వంటలు, కుట్లు, అల్లికలు.

మన దక్కన్‌కి వద్దాం. నజీర్ అహ్మద్ 1877లో సాలార్ జంగ్ కొలువుకి హైదరాబాద్ వచ్చాడు, కొన్నేళ్లు ఇక్కడ రెవెన్యూ పనులు చూశాడు. అస్ఘరీ మాత్రం ఆయన కంటే ఎక్కువ కాలం ఇక్కడ ఉండిపోయింది. సుగ్రా హుమాయూన్ మీర్జా పేరు హైదరాబాదీలకి చెప్పనక్కర్లేదు. పర్దా బయటికొచ్చి సభల్లో మాట్లాడి, 'అన్నిసా' పత్రిక నడిపి, 1934లో తన సొంత జాగాలో ఆడపిల్లలకి మద్రసా సఫ్దరియా తెరిచింది. అక్కడ చదువుతో పాటు దస్త్‌కారీ, అంటే చేతిపని కూడా నేర్పారు. చదువు అస్ఘరీది, చేతిపని అజ్మత్‌ది. రెండూ ఒకే బల్ల మీదికి వచ్చాయని నేను చదువుకుంటాను.

కానీ రెంటినీ నిజంగా కలిపేసింది మద్రసా కాదు, 1948. సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్, మరుసటి ఏడు ఆగస్టులో జాగీర్ల రద్దు. జాగీర్ల రద్దు న్యాయమైనదే. ఆ జాగీర్ల కింద నలిగిన రైతుల్లో మా నానీమా పుట్టింటివాళ్లూ ఉన్నారు. అయితే డేవడీలతో పాటు వాటిని నమ్ముకున్న వందలాది నౌకర్లూ వీధిన పడ్డారు. సర్కారు జబాన్ మారేసరికి ఉర్దూ తప్ప ఇంకోటి రాని గుమాస్తాలూ పడ్డారు. జనానాల్లో ముందు నగలు వెళ్లాయి, తర్వాత రాగి దేగులు, తర్వాత కిటికీ తలుపులు కూడా. చివరికి మిగిలింది చేతిలో ఉన్న హునర్.

మా నానీమా పనిచేసిన డేవడీ బేగం సాహెబాకి ఖడా దుపట్టా మీద గోటా, కామ్‌దానీ పని అద్భుతంగా వచ్చు. జహేజ్ కోసం, ముచ్చట కోసం నేర్చుకున్న పని. ఇప్పుడు అదే రొట్టె. కానీ ఫలానా వారి బేగం పైసలకి కుడుతోందని బయటికి తెలియకూడదు. కాబట్టి జీతం లేక పని మానేసిన మా నానీమాయే బుర్ఖా లోపల మూట పెట్టుకుని మహల్లా మహల్లా తిరిగేది. 'ఎవరమ్మా కుట్టింది, ఇంత నఫీస్‌గా ఉంది?' అంటే 'నేనే కుట్టానండీ' అని చెప్పేదట. ఆ అబద్ధానికి ఆమె వాటా రూపాయికి రెండణాలు.

నానీమాకి రాత రాదు కదా, ఒక నల్ల దారానికి ముళ్లు వేసుకునేది. ఇచ్చిన దుపట్టాకి ఒక ముడి, డబ్బు అందితే ఆ ముడి విప్పడం. బేగం సాహెబా నోట్‌బుక్‌లో రాసుకునేది. నెలాఖరుకి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని దారమూ పుస్తకమూ సరిచూసుకునేవాళ్లు. ఒక నెల తేడా వచ్చిందట, ఒక దుపట్టా. గంటసేపు వెతికాక పొరపాటు పుస్తకంలో దొరికింది. బేగం సాహెబా ఏమీ అనలేదు, పాన్‌దాన్ తెరిచి తన చేత్తో పాన్ చుట్టి ఇచ్చిందని నానీమా చెప్పేది. అప్పటిదాకా పాన్‌లు చుట్టింది నానీమా. ఇది ఎన్నిసార్లు చెప్పినా అక్కడికొచ్చేసరికి ఆమె గొంతు మారేది.

మిరాతుల్ ఉరూస్‌లో ఇలాంటి చాప్టర్ లేదు. ఉండే వీలు లేదు, 1869లో అస్ఘరీ ఎప్పటికైనా అజ్మత్ మూట మీద బతకాల్సి వస్తుందని ఎవరనుకుంటారు? కానీ ఆ పుస్తకాన్ని తరతరాలుగా చదివినవాళ్లకి ఒక అలవాటు మిగిలింది. పొదుపు చేసిన పైసని లెక్కపెడతారు, ఆ పైస మిగలడానికి ఎన్ని గంటలు పట్టిందో లెక్కపెట్టరు. 'మా అమ్మ నూటయాభై రూపాయల్లో నెల నడిపేది' అని గర్వంగా చెప్పుకునే మగవాళ్లు నా చుట్టూ బోలెడుమంది. ఆ అమ్మ ఎన్నింటికి లేచేది, ఎన్నింటికి పడుకునేది అంటే గుర్తు తెచ్చుకోవాలి.

ఇప్పుడు హ్యాండ్‌మేడ్ అన్న మాటకి కొత్త ఇజ్జత్ వచ్చింది. గుద్‌డీలు నగరం షోరూముల్లో గోడకి వేలాడుతున్నాయి, ఇంటి ఆచార్ సీసాలకి అట్టముక్క లేబుళ్లు వచ్చాయి. నాకు సంతోషమే. అయితే పాతబస్తీ ఇళ్లల్లోకి వెళ్లి చూడండి. తెలుగువాళ్ల పెళ్లి జాకెట్లకి మగ్గం వర్క్ అంటారే, ఆ మగ్గం అక్కడ ముందు గదిలో సగం జాగా ఆక్రమించి ఉంటుంది. దాన్ని మావాళ్లు కార్‌చోబ్ అంటారు. నాలుగు కట్టెల చట్రానికి బట్టని డోలులా బిగించి, కింద ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి. తల్లీ ఇద్దరు కూతుళ్లూ వంటకీ నమాజ్‌కీ లేస్తూ రోజంతా వంగి కూర్చుంటారు. దుకాణం నుంచి దళారీ బట్టా జరీ తెచ్చిస్తాడు, పీసు లెక్కన డబ్బిస్తాడు. కొన్నవాళ్లకి కుట్టినవాళ్ల పేరు తెలియదు, కుట్టినవాళ్లకి అమ్మిన ధర తెలియదు.

వాళ్లలో చదువుకున్న పిల్లలు ఇప్పుడు ఫోన్లో లెక్క రాసుకుంటున్నారు. ఏ రోజు ఎంతసేపు కూర్చున్నదీ రాసే పిల్లని ఒకర్ని చూశాను, పీసు ధరని గంటలతో భాగించి అమ్మకి చూపిస్తోంది. వాళ్లమ్మ 'ఇదంతా ఎందుకే, కళ్లు పోతాయి' అంటోంది. దారం దళారీది, బట్ట దుకాణం వాడిది. నేను వెళ్లిన ఇళ్లల్లో సూది మాత్రం కుట్టేవాళ్లు తమ డబ్బుతో కొనుక్కుంటున్నారు, విరిగితే మళ్లీ వాళ్లే కొనుక్కుంటున్నారు. ఆ పిల్ల ఫోన్లో సూదులకి కూడా ఒక వరస పెట్టింది.